మూగబోయిన మెట్టు

మొన్న మా మనవరాలి కీబోర్డులో ఒక మెట్టు పలకడం మానేసింది. బాగుచేయించేదాకా పాఠానికి వెళ్లనని అలిగి కూర్చుంది. నాకేమో మస్కట్ గుర్తుకొచ్చింది. తొంభైల మొదట్లో అక్కడ ఒక పెద్ద హోటల్లో ఫంక్షన్ హాలు చూసుకునేవాణ్ని. ఆ ఊళ్లోనే హమ్రియా పేటలో నా రూమ్‌లోనే ఉండే కడప భాయ్‌కి కూడా ఆ హాల్లోనే డ్యూటీ. ఖాళీ బల్ల కనబడితే చాలు, దాని మీద ఫ్లవర్‌వాజు పెడితేగాని భాయ్ చెయ్యి ఊరుకునేది కాదు.

ఒక చలికాలం టర్కీ నుంచి ఒకావిడ కచేరీకి వచ్చారు. పియానో వాయిస్తారు, బాణీలూ తనే కడతారు. కొత్తగా కట్టినదాన్ని ఆ సాయంత్రం మొదటిసారి వినిపించాలి. నల్లగా నిగనిగలాడుతున్న ఆ పియానో కూడా మా భాయ్‌కి బల్లలాగే కనబడింది. గులాబీలు పెట్టాడు, వాజు నిండా నీళ్లు పోశాడు. మధ్యాహ్నం ఆవిడ సాధనకు వస్తున్నారని తెలిసి గబగబా తీయబోయి, మూత తెరిచి ఉన్న మెట్ల మీద నీళ్లన్నీ ఒంపేశాడు. తుడిచాం, ఫ్యాను పెట్టి ఆరబెట్టాం. అయినా నడిమి మెట్టొకటి ఉబ్బిపోయి, నొక్కితే కిందనే ఉండిపోయింది. బాగుచేసే మనిషి దుబాయ్ నుంచి రావాలి. మా మేనేజర్ సంగతి మాకు తెలుసు. కచేరీ ఆగిందంటే భాయ్ వీసా క్యాన్సిల్, దొరికిన విమానంలో ఇంటికే.

"నా నౌకరీ ఖతమైపాయ అన్నా! నువ్వే ఆయమ్మకు ఇంగ్లీషులో చెప్పు. తప్పు నాదేనని చెప్పు," అన్నాడు భాయ్.

చెప్పాను. ఆవిడ ఆ మెట్టును నొక్కి చూసి నవ్వేశారు. "మా టీచరమ్మ చేసిన పనే మీవాడూ చేశాడు. మేనేజర్‌తో అనకండి," అన్నారు.

చిన్నతనంలోనే ఆవిణ్ని అంకారాలో సంగీత పాఠశాల హాస్టల్లో చేర్చారట. పొద్దున్నే చలికి వేళ్లు వంగేవి కావట. పాఠం ఒప్పజెప్పినట్టు వాయిస్తే టీచరమ్మకు నచ్చేది కాదు. ఏదో ఒక మెట్టు కింద మడిచిన కాగితం దోపి, "ఇవాళ ఇది చచ్చిపోయింది. పాట చావకూడదు, కానియ్" అనేదట. ఆ పిల్ల ఏడ్చుకుంటూనే ఆ స్వరం లేని దారి వెతుక్కునేదట. తర్వాత పారిస్ వెళ్లి చదివినా, బాణీ కట్టడం మాత్రం తనకు అక్కడే అబ్బిందన్నారు.

సాయంత్రానికి హాలు నిండిపోయింది. భాయ్, నేను గోడవారన నిలబడ్డాం. ఏ మెట్టు పలకదో మాకు తెలుసు కాబట్టి మా కళ్లు దాని మీదే ఉన్నాయి. ఆవిడ వేళ్లు దాని దాకా వచ్చేవి, పక్కకు జరిగేవి, పైనుంచి దూకేవి. ఒక్కసారి కూడా తాకలేదు. పాట ఎక్కడా తెగలేదు. నాకు సంగీతం తెలియదుగానీ ఒళ్లంతా గగుర్పొడిచింది. ఒక మనిషి ఇంత సాధన చేయగలదా అని భయం కూడా వేసింది. భాయ్ పెదాలు ఆగకుండా దువా చదువుతూనే ఉన్నాయి. చివర్లో అందరికంటే గట్టిగా చప్పట్లు కొట్టింది మా మేనేజరే.

భాయ్ అదే హాల్లో ఇంకెన్నో ఏళ్లు పనిచేసి, పిల్లల పెళ్లిళ్లు చేశాకే ఇంటికి వెళ్లాడు. అంకారా చలిలో ఎప్పుడో ఒక పిల్ల పడ్డ కష్టం కడపలో ఒక ఇంటి పొయ్యి ఆరకుండా కాపాడింది. కాలం ఎవరి కష్టాన్ని ఎవరి కోసం దాచిపెడుతుందో, దాచేటప్పుడు మాత్రం ఎవరికీ చెప్పదు.