చప్పుడుని నమ్మిన తిప్పేష్

కుందుర్పిలో తిప్పేష్ వీడియో స్టూడియో అంటే ఒకే ఒక గది. ముందు అద్దాల తలుపు, వెనక పరదా, పరదా వెనక సంసారం. బల్ల మీద కంప్యూటరు, దాని పక్కన ఇటుకంత నల్లటి హార్డ్ డిస్కు. చుట్టుపక్కల ఊళ్ళ పెళ్ళిళ్ళు, గృహప్రవేశాలు, చెవులు కుట్టించుకున్న పిల్లల ఏడుపులు, అన్నీ ఆ ఇటుకలోనే కాపురముండేవి. ఆ కాపురం గుట్టుగా సాగేది కాదు. లోపలికొచ్చిన ప్రతివాడూ ఒక క్షణం నిలబడి, "ఏమప్పా, పిండి మిషను గూడా పెట్టినావా?" అనేవాడు. తిప్పేష్ నొచ్చుకునేవాడు కాదు. పిల్లవాడి తెలివిని ఎవరో మెచ్చుకున్నట్టు తలూపేవాడు.

దానికి కారణముంది. కెమెరా పట్టకముందు ఆయన కళ్యాణదుర్గంలో కాలిపోయిన బోరు మోటార్లకి రాగితీగ వైండింగు చుట్టేవాడు. మోటారు కాలాలంటే ముందు బోరులో ఎంతోకొంత నీళ్ళుండాలి. వానలు మొహం చాటేసి ఆ ఎంతోకొంతా ఇంకిపోయేసరికి, కాలే యోగ్యత కూడా లేని మోటార్లు పశువుల పాకల్లో పడుకున్నాయి, తిప్పేష్ వీడియోల్లోకొచ్చాడు. వృత్తి మారింది గానీ చెవి మారలేదు. మోటార్ల దగ్గర ఆయన గ్రహించిన సత్యం ఒక్కటే: చప్పుడున్నంతసేపూ ప్రాణముంది. మోటారు ఎంత అరిచినా రైతు నిద్రపోతాడు, అది ఊరుకున్నప్పుడే లేచి కూర్చుంటాడు. ఈ సత్యాన్ని ఆయన మోటార్ల నుంచి మనుషులకీ, మనుషుల నుంచి హార్డ్ డిస్కులకీ విస్తరించాడు. ఇంతకంటే తక్కువ ఆధారాలతో మతాలే పుట్టాయి గనక ఆయన్ని తప్పుపట్టలేం.

ఒకనాడు ఆ చప్పుడు మారింది. ఇదివరకు 'గుర్ర్' మనేది, ఇప్పుడు 'కిర్ర్' మని, చివర ఒక 'టక్' చేర్చింది. అప్పుడే అనంతపురం నుంచి ఫోన్లో మాట్లాడుతున్న వేణుగోపాల్ చెవిన ఆ టక్కు పడింది. కంప్యూటర్లమ్మే శెట్టిగారబ్బాయి అతను. తిప్పేష్ సరుకంతా అతని దగ్గరే కొంటాడు.

"అన్నా, అదేం సప్పుడు?"

"మన డిస్కేప్పా. పని చేస్తాండాది."

"పని చేస్తాండేది కాదన్నా, పానం పోతాండేది. బిరీన వచ్చి కొత్తది తీస్కపో."

"పోయేదానికి అంత గొంతు యాడిదప్పా?"

అయినా పెద్దల మాట, వైద్యుల మాట, శెట్ల మాట పెడచెవిన పెట్టకూడదని వెళ్ళి కొత్తది తెచ్చాడు. అగ్గిపెట్టెకి అన్నలా ఉందది. తిరిగే భాగమేదీ లేదట, అందుకే సడి చేయదట. వేణుగోపాల్ చెప్పినట్టే పాతదాంట్లో ఉన్నదంతా దాంట్లోకి ఎక్కించి, పాతదాన్ని ఖాళీ చేశాడు. ఎక్కించినంతసేపూ దాని మీద అరచెయ్యి పెట్టి చూశాడు. వణుకు లేదు. చెవి పెట్టి చూశాడు. ఉలుకూ లేదు, పలుకూ లేదు.

"సరళా, ఇది నడుస్తాందంటావా?" అని పరదా వైపు అడిగాడు.

"ఫోను నడిచేటప్పుడు సప్పుడు చేస్తాందా?" అంది భార్య లోపలినుంచి.

"ఫోన్ని నమ్మినోడెవడే!"

కొన్నాళ్ళు సహించాడు. ఆ మౌనం పక్కన కూర్చుంటే ఎండిపోయిన బోరు పక్కన కూర్చున్నట్టే ఉండేది. చివరికి ఒక నిర్ణయానికొచ్చాడు. పోయినా ఫరవాలేదనుకున్నవన్నీ కొత్తదాంట్లో ఉంచి, పోకూడనివన్నీ పాతదాంట్లోకి తిరిగి చేర్చి, కొత్తదాంట్లోంచి వాటిని తుడిచేశాడు. "రెండిట్లోనూ పెట్టుకోగూడదా?" అని సరళ అంటే ఆయన నిజంగా నొచ్చుకున్నాడు. "రెండు తావుల పెట్టినామంటే ఒగదాని మీద అనుమానమున్నట్టే గదా! ఇన్నేండ్లు గొడ్డు మాదిరి చాకిరీ చేసింది, దాన్ని అవమానం చేస్తామా?" అన్నాడు.

పోకూడనివాటిలో మొదటి వరస బోర్లది. ఆ పక్క పల్లెల్లో పెళ్ళికి పిలిచినట్టే బోరుకీ కెమెరాని పిలుస్తారు. బోరు వేసే రిగ్గు లారీకి పసుపూ కుంకుమా, చక్రం కింద నిమ్మకాయలు, టెంకాయ కొట్టడం, ఆ తర్వాత దుమ్ము. నీళ్ళు పడితే ఆ వీడియో చుట్టాలందరికీ చూపిస్తారు. పడకపోతే రైతూ అడగడు, తిప్పేషూ ఇస్తాననడు. పడినవి కొన్నే. ఎర్రప్పది అందులో ఒకటి.

ఎర్రప్ప పక్క పల్లెలో వేరుశనగ రైతు. మాట తక్కువ మనిషి. ఆ రోజు పొద్దున స్టూడియోకి వచ్చి, తువ్వాలు తీసి స్టూలు దులిపి కూర్చున్నాడు.

"తిప్పేషూ, మాయమ్మ సంవత్సరీకం వస్తాండాదప్పా."

తల్లి సిద్దమ్మ పోయి ఏడాది కావస్తోంది. ఆమెకు ఆధార్ కార్డు బొమ్మ తప్ప వేరే ఫోటో లేదు. ఆ బొమ్మలో దేశప్రజలందరిలాగే ఆమె కూడా ఏదో నేరం ఒప్పుకోవడానికి నిరాకరిస్తున్నట్టుంటుంది. దాన్నే పెద్దది చేయించి గోడకి పెడితే, మనవళ్ళు ఆ గది వైపు పోవడం మానేశారు.

"మాయమ్మ నవ్వే మనిషి గాదు, నీకూ తెల్సు. నవ్విండేది ఒగేసారి, మా బోరు పడిన పొద్దు. నేను రిగ్గు ఎనకాల మోకాళ్ళ మీద పడి ఏడుస్తాంటి. నవ్వు ఇన్నాను గానీ మొగం చూడలే. నువ్వు తీసినావు, దుడ్లు లేక నేను ఆ వీడియో తీస్కపోలే. ఆ నవ్వే మొగం ఒగటి ఫోటో చేసీప్పా. ఆ బోరు గూడా ఎండిపాయ, ఇంగ అదొగటే మిగిలిండేది."

"అంతే గదన్నా!" అన్నాడు తిప్పేష్. ఆ మాటని తర్వాత ఆయన చాలాసార్లు తలుచుకున్నాడు.

పాత డిస్కుని మేలుకొలిపాడు. కిర్రుమంది. టక్కుమంది. తెర మీద బూడిదరంగు దుమ్ము, దుమ్ములోంచి బురద, బురదలోంచి తాటిచెట్టంత ఎత్తున నీళ్ళు లేచాయి. ఎర్రప్ప స్టూలు మీంచి లేచి నిలబడ్డాడు. తెర కుడి అంచున తడిసిన ఎర్రచీర, దాని వెనక ఒక మోచేయి కనబడ్డాయి.

"అదో, మాయమ్మ!"

మోచేయి అక్కడే ఆగిపోయింది. నీళ్ళు గాల్లోనే ఆగిపోయాయి. టక్, టక్, టక్. ఆ తర్వాత డిస్కు ఊరుకుంది. తిప్పేష్ తన స్టూడియోలో ఎన్నడూ వినని శబ్దం విన్నాడు. వీధిలో ఎవరో చీపురుతో ఊడుస్తున్న శబ్దమది.

ఎర్రప్ప ఇంకా తెర వైపే చూస్తున్నాడు, పక్కకి తొంగితే మిగతా తల్లి కనిపిస్తుందన్నట్టు మెడ వంచి.

"ఏమాయప్పా?"

"ఏం లేదన్నా. కొంచేపు ఊరనిస్తాం."

కరువు సీమలో ఈ మాటకి వివరణ అక్కర్లేదు. బోరు వట్టిపోతే రైతు దాన్ని కట్టేసి వదిలేస్తాడు. అడుగున సన్నగా ఊట ఊరుతుంది, మళ్ళీ ఆడిస్తే ఒక మడికి సరిపడా పోస్తుంది. చదువుకున్నవాడెవడైనా ఉంటే నవ్వేవాడేమో గానీ, అక్కడున్నవాళ్ళిద్దరూ అనుభవజ్ఞులు. "ఊరుతాది, ఊరుతాది," అని ఎర్రప్ప టీ తాగొచ్చాడు. వచ్చాక ఆన్ చేశారు. కిర్రుమంది! ఇద్దరి మొహాలూ విప్పారాయి. ఆగిపోయింది. మళ్ళీ ఊరనిచ్చారు. తిప్పేష్ దాని మీద తడిబట్ట పరిచాడు, స్క్రూడ్రైవరు పిడితో నెమ్మదిగా తట్టాడు, పక్కకి పడుకోబెట్టాడు. ప్రతిసారీ అది కిర్రుమంది, ప్రతిసారీ వాళ్ళు సంతోషించారు. సాయంత్రానికి ఆ కిర్రు కూడా సన్నగిల్లింది.

మర్నాడు తిప్పేష్ దాన్ని తువ్వాల్లో చుట్టి, బస్సులో ఒళ్ళో పెట్టుకుని అనంతపురం తీసుకెళ్ళాడు. వేణుగోపాల్ దాన్ని బెంగళూరు పంపాడు. కొన్ని రోజులకి రమ్మని కబురొచ్చింది. వెళ్ళేసరికి బల్ల మీద డిస్కు మూత తీసి ఉంది.

"ఆగిపోయినాక దీన్ని ఎన్నిసార్లు ఆన్ చేసినావన్నా?"

"ఊరనిచ్చి ఊరనిచ్చే చేసినాంలేప్పా."

"ఏమనిచ్చి?"

తిప్పేష్ చెప్పాడు. వేణుగోపాల్ డిస్కుని ఆయన వైపుకి తిప్పాడు. తర్వాత వేలితో చూపించాడు. లోపల అద్దంలా మెరిసే పళ్ళెం, దాని మీద ఒక సూది. సూది పళ్ళేన్ని తాకకుండా, వెంట్రుక కూడా దూరనంత ఎడంలో తేలుతూ చదువుతుంది. రాసిందంతా ఆ మెరుపులోనే ఉంటుంది.

"సూది కూలిపోయి పళ్ళెం మీద గీకితే అన్నా, అప్పుడొచ్చేదే ఆ కిర్రు. నువ్వు ఆన్ చేసినప్పుడల్లా గీకుతానే ఉండాది. దున్నేసినారు గదా దీన్ని!"

తిప్పేష్ వంగి చూశాడు. పళ్ళెం మీద గుండ్రంగా చాళ్ళు, విత్తడానికి సిద్ధంగా ఉన్న చేనులాగ. ఆ చాళ్ళ మధ్య తన మొహం ముక్కలుగా కనబడింది. కిర్రుమన్నప్పుడల్లా తను సంతోషించాడు. ఎర్రప్ప కూడా సంతోషించాడు. సిద్దమ్మ మొహాన్ని అంగుళం అంగుళం గీకేస్తుంటే, కొడుకూ తనూ పక్కన కూర్చుని "అదో, వచ్చె, వచ్చె!" అన్నారు. ఆయన అక్కడున్న అట్టపెట్టె మీద కూలబడ్డాడు. అట్టపెట్టె కూడా కూలింది. వేణుగోపాల్ నవ్వలేదు, దాన్నిబట్టి సంగతి ఎంత విషమించిందో తెలిసింది.

తిరుగు బస్సులో, ఎర్రప్పకి చెప్పాల్సిన మాటల్ని ఆయన రకరకాలుగా అమర్చుకున్నాడు. ఏ అమరికలోనూ అవి మనిషి ముందు నోట్లోంచి వచ్చేలా లేవు. స్టూడియో తలుపు తీసేసరికి ఎర్రప్ప అదే స్టూలు మీద కూర్చునున్నాడు. తిప్పేష్ మొహం చూశాడు. ఆ మొహం ఎర్రప్పకి కొత్త కాదు. రిగ్గు లారీ వెళ్ళిపోయాక దాన్ని తన అద్దంలోనే పలుమార్లు చూసుకున్నాడు.

"పడలేదా?" అన్నాడు.

"పడలేదన్నా."

ఎర్రప్ప లేచెళ్ళి ఎదురు హోటల్లో రెండు టీలు చెప్పి, తనే తెచ్చి ఒకటి ఆయన చేతికిచ్చాడు. బోరు పడనివాడి దగ్గర కూర్చోవాలి, ఏమీ అడక్కూడదు. ఆ మర్యాద సాగినంతసేపూ తిప్పేష్ తలెత్తలేదు. తిట్టుంటే బాగుండేది.

టీ అయిపోయాక ఎర్రప్ప మెల్లగా అన్నాడు: "నువ్వు చూసినావు గదా, కెమెరాలో?"

"చూసినానన్నా."

"ఎట్ల నవ్వింది?"

తిప్పేష్ కళ్ళు మూసుకున్నాడు. "కొంగు నోటికి అడ్డం పెట్టుకోబోయె. తడిసి బరువైంది, పైకి లేయలే. ఇంగ వదిలేసి అట్లే నవ్వె. పైన రెండు పండ్లు లేవు."

"ఒగటే. ఇంగోటి తర్వాత పోయింది." ఎర్రప్ప కాస్త ముందుకి జరిగాడు. "చేసి చూపీప్పా."

"ఏందన్నా?"

"ఆయమ్మ మాదిరి నవ్వు. నువ్వు తప్ప ఎవురు చూసినారప్పా?"

తిప్పేష్ నిర్ఘాంతపోయాడు. జీవితంలో పెళ్ళికొడుకుల్ని నవ్వమని చెప్పాడే గానీ, తనని ఎవరూ నవ్వమని అడిగిన పాపాన పోలేదు. తలుపు వైపు చూశాడు, పరదా వైపు చూశాడు. తప్పించుకునే దారి లేదు. తువ్వాలు కొస అందుకుని, నోటిదాకా ఎత్తబోయి, ఎత్తలేక వదిలేసి, మెడ వెనక్కి వాల్చి నవ్వాడు.

ఎర్రప్ప రెప్పవేయకుండా చూశాడు. "మొగం అట్లనా..." అన్నాడు. తల అడ్డంగా ఊపి, "సప్పుడు మాత్రం అట్ల గాదు. సన్నగా మొదలై, ఎక్కిళ్ళు పెట్టినట్ల. ఇట్ల," అని తను అందుకున్నాడు.

ఏదో మూలుగు విని సరళ పరదా ఎత్తింది. గది నడిమధ్య మీసాలున్న మగవాళ్ళిద్దరు, చెరో తువ్వాలు కొసా పట్టుకుని, ముసలమ్మల్లా నవ్వుతున్నారు. ఇద్దరి చెంపలూ తడిసున్నాయి. తలుపు అద్దానికి బయట హోటలాయన ముక్కు ఆనించి చూస్తున్నాడు.

"ఏమాయప్పా మీకు!" అందామె గుండె మీద చెయ్యేసుకుని.



"తల ఇంగొంచెం ఎనక్కి పోవల్ల తిప్పేషూ," అన్నాడు ఎర్రప్ప, మొహం తుడుచుకోకుండానే. "మళ్ళీ చేయి."