వలదు కాదు

మా తమ్ముడు పాస్టరవుతానన్న రోజు నుంచి అమ్మ వాడితో మాట్లాడటం మానేసింది. అన్నం మాత్రం పెట్టేది, అదీ కంచం నేలకేసి కొట్టినట్టు పెట్టేది. తమిళనాడు ధర్మపురిలో నూనె కొట్టు నడిపే తెలుగువాళ్ళ ఇంట్లో పుట్టి, బేరాలు వదిలేసి చర్చికి పోయేవాణ్ణి ఎలా క్షమించాలో ఆమెకు తెలియలేదు. వాడికేమో ఒకటే కోరిక. అభిషేకం రోజున అమ్మ మనసారా ఒప్పుకుని అక్కడ ఉండాలి.

అభిషేకమన్న మాటకే అమ్మకు ఒళ్ళు మండింది. అది గుళ్ళో సామికి చేసేది, వీడేమన్నా రాయా అంది. పక్కనే వెల్లిచందై ఊరి దగ్గరున్న ఆ చర్చి పెద్దాయన ఓసారి కొట్టుకే వచ్చి నచ్చజెప్పబోయారు. బైబిల్లో మొదటి యాజకుణ్ణి నీళ్ళతో కడిగి, కొత్త బట్టలు తొడిగి, తల మీద నూనె పోశారట. ఆపైన పొట్టేలు రక్తం కుడి చెవి తమ్మెకు, కుడి చేతి బొటనవేలికి, కుడి కాలి బొటనవేలికి పూశారట. దేవుడి మాట వినడానికి చెవి, ఆయన పని చేయడానికి చేయి, ఆయన దారిలో నడవడానికి కాలు. ఇప్పుడు రక్తం లేదు, ఆ మూడు చోట్లా నూనే పూస్తాం అన్నారు. అమ్మ అంతా విని, ఏ నూనె అని మాత్రం అడిగింది. ఆలివ్ నూనె అనగానే, ఇంట్లో ఇన్ని డబ్బాల నువ్వుల నూనె పెట్టుకుని ఇదేం ఖర్మ అని మూతి ముడుచుకుంది.

చివరికి నా పోరు పడలేక వచ్చింది. వచ్చి, వెనక వరసలో గోడకు ఆనుకుని, ప్రసంగం మొదలవగానే కునుకు తీసింది. నేనూ లేపలేదు. నిద్రపోతే గొడవ ఉండదనుకున్నాను.

తమ్ముడు ముందుకెళ్ళి మోకరించాడు. పెద్దాయన నూనెలో వేలు ముంచి, అందరికీ వినబడేలా తమిళంలో, "వలదు కాదు" అన్నారు.

అమ్మ దిగ్గున లేచింది. తమిళంలో వలదు అంటే కుడి, కాదు అంటే చెవి. ఆమెకది తెలియదని కాదు, పుట్టి పెరిగింది ఇక్కడే, కొట్లో బేరాలన్నీ తమిళంలోనే. కానీ నిద్రలో మా అమ్మకు తెలుగు తప్ప ఇంకే భాషా రాదు. వద్దు, వీడు కాదు అని తన కొడుకును అందరి ముందూ తోసేశారనుకుంది.

"ఏల వలదు? నా బిడ్డకేం తక్కువ? ఇంటినీ, కొట్టునీ, నన్నూ కాదనుకోని వచ్చినాడు. ఇప్పుడు మీరూ కాదంటే వాడు యాడికి పోతాడు?"

అన్నాళ్ళూ వద్దు వద్దని గోల పెట్టింది తనే. నాకు నవ్వూ వచ్చింది, ఏడుపూ వచ్చింది. గబగబా అసలు సంగతి చెప్పాను. ఇంకొకరైతే సిగ్గుపడి కూర్చునేవారు. అమ్మ కొంగు దోపుకుని నేరుగా ముందుకు నడిచింది. కంగారులో తమ్ముడు ఎడమ చెవి చూపిస్తూ ఉన్నాడు. వాడి గడ్డం పట్టుకుని తల తిప్పి, కుడి చెవిని వేళ్ళతో గట్టిగా పట్టుకుంది.

"ఈ చెవి నా మాట ఒక్కనాడూ వినలేదు సామీ," అంది పెద్దాయనతో. "మీ దేవుని మాటైనా వింటాదేమో, బాగా పూయండి."