షరాబు శ్రీరంగం నరికిన రూపాయలు

అడవి అంచున ఉన్న దోర్నపాల్ సంతలో శ్రీరంగానికి ఉన్న గౌరవం అతని యజమాని శేషగిరిరావుకు లేదు. శేషగిరిరావుకు కొట్టుంది, తక్కెడ ఉంది, డబ్బుంది. శ్రీరంగానికి ఉన్నదల్లా చెవి. మీసాలు రాని వయసులో భద్రాచలం వైపు నుంచి వచ్చి ఆ కొట్లో షరాబుగా కుదిరాడు. షరాబంటే పెద్ద కొలువేమీ కాదు. సంతలో వెండి చేతులు మారినప్పుడల్లా ఆ రూపాయి మంచిదో ఖోటాదో చెప్పడమే పని. అరుగు మీద నాపరాయి ముందు కూర్చుని, రూపాయిని బొటనవేలి గోటితో ఎగరేసి రాతి మీద పడనిచ్చేవాడు. ఖంగుమంటే మంచిది, టప్పుమంటే ఖోటా. తూచి చూడరాదా అని ఎవరైనా అంటే ఒళ్లు మండేది. తక్కెడ చింతపండుకీ ఇప్పపువ్వుకీ పెట్టారు గాని తనకు పెట్టలేదనేవాడు.

ఖోటా అని తేలిన రూపాయిని అక్కడికక్కడే ఉలితో రెండు ముక్కలు చేసేవాడు, మళ్లీ ఏ అమాయకుడి చేతిలోనూ పడకుండా. సంత విడిచే వేళ ఆ ముక్కల్ని ఇనప గరిటెలో వేసి అందరి ముందూ కరిగించేవాడు. రూపాయి పోగొట్టుకున్నవాడు కూడా ఎదురు చెప్పేవాడు కాదు. అడవిలోంచి వచ్చే దొర్ల తెగ రైతులకు ఠాణా అంటే నమ్మకం లేదు, కొట్టు అంటే నమ్మకం లేదు, శ్రీరంగం అంటే ఉంది. పాపం, ఆ నమ్మకమే అతని బతుకులోని ఏకైక వైభవం. పెళ్లాం పోయింది, పిల్లలు లేరు. సంతనాడు నలుగురూ తన మాట కోసం ఊపిరి బిగబట్టి చూస్తే, మిగతా వారమంతా ఆ తృప్తితో నెట్టుకొచ్చేవాడు.

రెండో ప్రపంచ యుద్ధం వచ్చింది. సర్కారు కొత్త రూపాయిలో వెండి సగానికి తగ్గించింది. దాంతో పాతకాలపు రాణి బొమ్మ రూపాయికి ఎక్కడలేని గిరాకీ పుట్టింది. రాజమండ్రి నుంచి మనుషులు వచ్చి ఎక్కువిచ్చి కొనుక్కుపోయేవారు. అవి బజారులో కనిపించడం మానేశాయి. వాటి బదులు తగరంతో, సీసంతో పోతపోసిన దొంగరాణులు కనిపించసాగాయి. ఠాణేదారు సంతకు వచ్చి, రాణి రూపాయి ఖోటా తేలితే తెచ్చినవాణ్ని వదిలేది లేదని చాటింపు వేయించాడు.

అలాంటి రోజుల్లో హుంగా వచ్చాడు. అడవి లోపలి పల్లె నుంచి వచ్చిన దొర్ల రైతు. దుక్కి వేళకు ఎద్దు చచ్చిపోయింది. పొజ్జా అనే రైతు దగ్గర ఎద్దును బేరం చేసి, మొలగుడ్డ ముడిలోంచి రాణి రూపాయలు తీశాడు. పొజ్జా వాటిని తెచ్చి శ్రీరంగం ముందు పెట్టాడు. హుంగా పక్కన నిలబడి ఎద్దు గంగడోలు నిమురుతున్నాడు, అప్పుడే తనదైపోయినట్టు.

శ్రీరంగం మొదటిది ఎగరేశాడు. టప్పుమంది. రెండోది ఎగరేశాడు. అదీ అంతే. దాని మీద రాణి ముఖం కూడా అరిగి, మసకబారి, అచ్చులో పోసినట్టే ఉంది. మిగతావన్నీ వరసగా రాతి మీద వేశాడు. ఒక్కటి పలకలేదు. ఉలి పెట్టి సుత్తితో కొడితే మెత్తగా దిగింది, తగరంలోకి దిగినట్టే. ఇక అనుమానమేముందని అన్నీ నరికేశాడు. సంత కాపలాకు వచ్చిన ఠాణా జవాను హుంగా రెక్క పట్టుకున్నాడు. హుంగా తనకొచ్చిన తెలుగులో ఒక్కమాటే అన్నాడు: "అవి మా ఇంటిదాని మెడలవయ్యా."

శ్రీరంగం తలెత్తలేదు. పట్టుబడ్డ ప్రతివాడూ అలాంటి మాటే అంటాడు.

సంత విడిచే వేళ ముక్కలు గరిటెలో వేసి నిప్పుల మీద పెట్టాడు. తగరమైతే నిమిషంలో నీరు కావాలి. కాలేదు. విసనకర్రతో విసిరాడు. విసిరినకొద్దీ ముక్కలు ఎర్రబడ్డాయే గాని అంచులు కూడా చెదరలేదు. చుట్టూ చేరినవాళ్లు కాసేపు చూసి, బండ్లకు ఆలస్యమవుతోందని వెళ్లిపోయారు. శ్రీరంగం ముక్కల్ని నీళ్లలో వేసి చల్లార్చాడు.

ముక్కలు పట్టుకుని ఠాణాకు పరుగెత్తాడు. కటకటాల ఇవతల నుంచి హుంగాను అడిగితే సంగతి తెలిసింది. అవి అతని భార్య సోమికి వాళ్లమ్మ ఇచ్చిన రూపాయల దండలోవి. టంకం పెట్టి కొక్కేలు అతికించిన రూపాయిని సంతలో ఎవరూ సరిగ్గా తీసుకోరు. అందుకని సోమి వాటిని పొయ్యిలో నిప్పుల మధ్య పెట్టి ఎర్రగా కాల్చింది. కొక్కేలు ఊడాయి. మచ్చ కనబడకుండా బూడిదతో, ఇసుకతో రాతి మీద రుద్దింది. శ్రీరంగం తల పట్టుకున్నాడు. కాలిన వెండి మెత్తబడుతుంది, గొంతు పోతుంది. కొక్కెం మచ్చ కనబడితే అది కాల్చిన దండ రూపాయని అతనే చెప్పి ఉండేవాడు. ఒక్కసారి తూచినా ఆగేవాడు. ఒకటి నరికి కరిగించి చూసినా మిగతావి దక్కేవి.

ఠాణేదారు అంతా విన్నాడు. చెడ్డవాడేం కాదు, తీరిగ్గా బీడీ ముట్టించి మరీ విన్నాడు. ఇన్నేళ్లు ఈ ప్రాంతంలో తిరిగి తెలుగు వంటబట్టినవాడు.

"ఖోటా కాకుంటె నువ్వెందుకు నరికినవ్?" అన్నాడు.

తప్పయిపోయిందన్నాడు శ్రీరంగం.

"నీ మాట మీద ఎంతమందిని లోపలేసిన్నో ఎరుకేనా? ఇయ్యాల తప్పయిందంటివి. మరి వాళ్ల సంగతేంది?"

ఆ ప్రశ్న అంతవరకు శ్రీరంగానికి తట్టనే లేదు. వాళ్లలో ఎంతమంది దండలు ఇలా నిప్పుల్లో కాలి వచ్చాయో, ఏ ముక్కల్ని గరిటె అడుగున సరిగ్గా చూడకుండా పారేశాడో, ఇప్పుడెవరు చెప్పగలరు? నరికిన రూపాయి ఖోటా రూపాయేనని ఠాణేదారు తేల్చేశాడు. తెల్లవారి హుంగాను చేతులకు సంకెళ్లు వేసి జగదల్‌పూర్ జైలుకు నడిపించుకుపోయారు. శ్రీరంగం ఊరి పొలిమేర దాకా వెంట నడిచాడు. హుంగా ఒక్కసారి కూడా అతని వైపు చూడలేదు.

తరవాతి సంతకు సోమి వచ్చింది. శ్రీరంగం ఆమెను అరుగు మీద కూర్చోమన్నాడు. కూర్చోలేదు. అతనే అరుగు దిగి ఆమె ముందు నిలబడి, కరగని ముక్కలు ఆమె చేతిలో పోసి, ఏ తప్పు ఎలా జరిగిందో పూసగుచ్చినట్టు చెప్పాడు. నీ రూపాయలు మంచివమ్మా, నీ మొగుడు మంచోడు, నా చెవే మోసం చేసిందన్నాడు. అంటూ ఏడ్చాడు. ఇన్నేళ్లలో ఆ అరుగు దగ్గర అతను ఏడవడం ఎవరూ చూడలేదు.

సోమి ముక్కల్ని చూసింది. నిప్పుల మీద కాలి నల్లబడి, రాణి ముఖం సగం సగమై, తనవో కావో పోల్చుకునేలా లేవు. తిరిగి అతని చేతిలో పోసింది.

"నేనిచ్చినయి మంచియే. ఆడే తొవ్వల మార్చిండు," అంది.

లేదు లేదని శ్రీరంగం ఒట్టు వేశాడు. ఆమె వినిపించుకోలేదు. ఆడదాని మీద జాలితో పెద్దాయన నేరం నెత్తిన వేసుకుంటున్నాడనుకుంది. ఆ మంచితనానికి ఆమె కళ్లు కూడా చెమ్మగిల్లాయి. వంగి అతని పాదాలు తాకింది.

"ఊళ్లె కొందరు నువ్వే తప్పు జెప్పినవంటుండ్రయ్యా. నేను ఊకోలే. పెద్దలను కూసోబెట్టి, నా మొగుడు దొంగని నేనే జెప్పిన. ఇగ ఆడొచ్చినా ఊళ్లెకు రానియ్యరు. నీ పేరుకు ఏం గాదు."