జగదీశ్వరి గుమ్మడిపూల జాకెట్టు

విజయనగరంలో కోటకి అవతల వీధిలో జగదీశ్వరి పిల్లలకి వయొలిన్ నేర్పుతుంది. తాతల నాటినుంచి ఆ ఇంట్లో సంగీతమే. భర్త త్యాగరాజుది మృదంగం. పొద్దున్నా సాయంత్రం ముందుగదిలో చాపలు పరుచుకుని పిల్లలు సరళీ స్వరాలు గీస్తూ ఉంటే, ఆయన పక్కగదిలో కూర్చుని వాళ్ల తాళం తప్పులకి తనలో తనే నొచ్చుకుంటూ ఉంటాడు.

యాభై ఎనిమిదో ఏట జగదీశ్వరి కుడి భుజం పట్టేసింది. చెయ్యి పైకి లేవదు, వెనక్కి తిరగదు. ఫ్రోజెన్ షోల్డర్ అన్నాడు డాక్టరు. నెమ్మదిగా తగ్గుతుంది, కసరత్తులు మానకండి అన్నాడు. వయొలిన్ కమాను ఒంటికి దగ్గరగా పట్టుకుని ఎలాగో పాఠాలు చెప్పగలుగుతోంది. జాకెట్టుతోనే వచ్చింది చిక్కంతా. ఒంటికి అంటుకుపోయే ఆ జాకెట్టు చేతిలోకి చెయ్యి దూర్చాలంటే ప్రాణం పోయేది.

అందుకని రోజూ పొద్దున్నే త్యాగరాజు వచ్చి తొడిగేవాడు. ఎంతోమంది విద్వాంసుల పక్కన వాయించిన వేళ్లు హుక్కుల దగ్గరికొచ్చేసరికి తికమకపడేవి. ఒకటి పైదాంట్లో, ఒకటి కిందిదాంట్లో పెట్టి, "అయిపోయింది జగదా" అనేవాడు గొప్పగా. ఆమె కిందికి చూసుకుని నవ్వేది. నవ్వినా లోపల చిన్నతనంగానే ఉండేది. పెళ్లయిననాటినుంచీ ఎవరూ లేవకముందే స్నానం చేసి ముస్తాబయ్యే మనిషి మరి.

మేడమీద వాటాలో యమున అద్దెకుంటోంది. గజపతినగరం అవతల వరి పండించే వాళ్ల పిల్ల. ఇక్కడ విత్తనాల దుకాణంలో లెక్కలు చూస్తుంది. ఓ ఆదివారం ఆ అమ్మాయి బట్టలు ఆరేస్తుంటే జగదీశ్వరి కళ్లు తీగమీది ఓ పైచొక్కా మీద నిలిచిపోయాయి. భుజాల దగ్గర కత్తిరింపు లేదు. నడుం దగ్గర నొక్కు లేదు. రెండు పలకలు కలిపి కుట్టినట్టుంది.

"ఇది ఎలా తొడుక్కుంటావే?"

"తలమీంచి దించెయ్యడమే పిన్నిగారూ. నడుం కాడ డార్టుల్లేవు, హుక్కుల్లేవు. డబ్బాలాగుంటాది, గాలాడతాది. తీసి సూడండి."

జగదీశ్వరి దాన్ని తిరగేసి, చేతుల కుట్టు చూసి, మడత మీద కొలత పట్టుకుని తిరిగి ఇచ్చేసింది. ఆమెకి కుట్టుపని కొత్త కాదు. పుట్టింటినుంచి తెచ్చుకున్న కాలిమిషను వంటింటి వారన ఉంది.

బట్ట కోసం బీరువా తెరిస్తే, అడుగున త్యాగరాజు కొన్నది కనబడింది. ముందుగది కిటికీలకి పరదాలని నాలుగేళ్ల కిందట తెచ్చాడు. ముదురు నీలం మీద అరచెయ్యంత పసుప్పచ్చ గుమ్మడిపూలు, ఎర్రటి కాడలు. "ఇవి వేలాడదీస్తే పిల్లలు స్వరం వింటారా, పూలు చూస్తారా?" అని అప్పుడు ఆమే లోపల పడేసింది. ఆమె చీరలన్నీ గంధం రంగు, లేత బూడిద రంగు, అంచులు సన్నం. ఇప్పుడు మాత్రం ఆ నూలు బట్టని చెంపకి ఆనించుకుంది. మెత్తగా ఉంది. ఇంట్లో వేసుకునేదానికి ఏమైతేనేం అనుకుంది.

బల్లమీద పరిచి, భుజాల దగ్గర మడత వచ్చేలా వేసి, మెడ గుండ్రంగా తీసింది. ఓ పెద్ద పువ్వు సరిగ్గా ఎదమీద మధ్యకి వచ్చేట్టు చూసుకుంది. చంకల కింద మిగులు బట్ట కత్తిరించేసి, రెండు పక్కలా పెద్దపెద్ద కచ్చాకుట్లు వేసింది. కత్తెర ఆడిస్తుంటే భుజం సలిపింది కానీ, పని నడుస్తున్న సంబరంలో పట్టించుకోలేదు. సాయంత్రం యమున స్కూటరు దిగగానే పిలిచి పట్టుకుని చూపించింది.

"శానా బాగుంది!" అంటూ యమున దాన్ని అందుకుంది. వెనక్కి తిప్పి ఆగిపోయింది. "పిన్నిగారూ, ఎనక పువ్వులేటి ఇలాగ తలకిందులుగున్నాయి?"

నిజమే. ముందు పూలన్నీ నిలబడి ఉన్నాయి, వెనకవన్నీ కాడలు పైకి పెట్టి వేలాడుతున్నాయి. మడత పెట్టినప్పుడు పూలకి తలా తోకా ఉంటాయన్న సంగతే తోచలేదు. జగదీశ్వరి మొహం చిన్నబోయింది.

"ఎనకేగా, ఎవులు సూస్తారు?" అంది యమున.

"నా వెనక గదిలోనే కూర్చుంటారమ్మా ఆయన, మృదంగం పట్టుకుని. రోజంతా ఆ పూలనే చూస్తారు."

పక్కగదిలోంచి త్యాగరాజు నవ్వు వినబడింది.

ఆ రాత్రికి వదిలేసి, మర్నాడు మళ్లీ బల్ల దగ్గర నిలబడింది. బట్ట ఇంకా బోలెడుంది. భుజాల మడత దగ్గర కోసేసి, ముందు పలక అలాగే ఉంచి, వెనకకి పూలు నిలబడేలా కొత్త పలక తీసింది. రెండు పక్కలూ, ఎడమ భుజమూ కుట్టేసింది. కుడి భుజం మిషను కింద పెట్టి, సూది దింపబోయి ఆగింది. దీన్ని కుట్టడం దేనికి? ఇటువైపు తెరిచే ఉంటే చెయ్యి లేపకుండానే దూర్చుకోవచ్చు కదా!

కాలు మిషను మీంచి తీసేసింది. తర్వాత మెడనుంచి భుజం చివరిదాకా లోపల పట్టీ వేసి, పాత చొక్కా నుంచి తీసిన మూడు ఎర్ర గుండీలు కుట్టింది. కాజాలు చేత్తోనే తీసింది; ఒకటి కాస్త వంకరొచ్చింది. ఉండనీలే అనుకుంది.

మర్నాడు పొద్దున స్నానం చేసొచ్చి, వేలాడుతున్న చేతిని అలాగే ఉంచి, దానిమీదికే జాకెట్టు పాకించింది. తల దూర్చింది. ఎడమ చెయ్యి పెట్టింది. ఎడమ చేత్తోనే గుండీలు పెట్టుకుంది. నొప్పి లేదు. గంధం రంగు చీర కట్టుకుని అద్దంలో చూసుకుంటే, చీర ఎప్పటిలా ఒద్దికగా ఉంది గానీ, కుడి భుజం మీద ఓ పసుప్పచ్చ పువ్వు, ఎర్ర గుండీలు ఎవరో కొత్తావిడవిలా ఉన్నాయి. ఆ కొత్తావిడ నచ్చిందామెకి.

త్యాగరాజు అలవాటు ప్రకారం తలుపు దగ్గరికొచ్చి నిలబడిపోయాడు. చేతులు ఎక్కడ పెట్టుకోవాలో తెలియనట్టు ఉత్తరీయం సర్దుకున్నాడు.

"అయితే ఇంక నాతో పని లేదన్నమాట."

"ఎందుకు లేదు, కాఫీ కలపండి."

"పరదాలకంటే నీకే బాగున్నాయి" అంటూ వంటింటి వైపు నడిచాడు.

ఆ సాయంత్రం పిల్లలు కాసేపు పూలు చూశారు, తర్వాత పాఠంలో పడ్డారు. చంకలో పట్టేసే బట్ట లేకపోవడంతో కమాను మరో జానెడు సాగింది. ఆమెకి అదే పెద్ద పండగ.

ఆ వారాంతం జగదీశ్వరి యమున స్కూటరు వెనక కూర్చుని గంటస్తంభం దగ్గర బట్టల కొట్టుకి వెళ్లింది. కొట్టతను ఆమె వయసు చూసి సన్నసన్న చుక్కల గుడ్డలు ముందు పరిచాడు.

"అవి కాదు బాబూ" అంది జగదీశ్వరి, ఎడమ చేత్తో పై అర చూపిస్తూ. "ఆ పెద్దపెద్ద చేపలున్నదీ, దాని పక్కదీ దింపు."