నాన్న కళ్ళకు అడ్డుపడ్డ పెదనాన్న

మా నాన్న సినిమాలకు స్టిల్ ఫొటోగ్రాఫరు. పరిశ్రమతో పాటు మేమూ మద్రాసు వదిలి ఫిలింనగర్ చేరిన కొత్తలో ఆయన నేత్రదానానికి సంతకం చేశారు. "ఇన్నాళ్ళు నాకు కూడు పెట్టిన కళ్ళమ్మా, కట్టెల్లో కాలిపోవడం నాకిష్టం లేదు" అన్నారు.

ఎనభైల చివర్లో ఒక ఉదయం గుండెపోటుతో పోయారు. కళ్ళ బ్యాంకుకు నేనే ఫోన్ చేశాను. గంటలో ఒకాయన చిన్న పెట్టెతో వచ్చాడు. నాన్నకు అన్న, మా పెదనాన్న, గుమ్మంలోనే అడ్డంగా నిలబడ్డాడు.

"కళ్ళు పీకేస్తే మొహం గుంటలు పడదూ? వచ్చే జన్మలో నా తమ్ముడు గుడ్డివాడై పుట్టాలా? అయినా ఆ సోడాబుడ్డి కళ్ళద్దాల కళ్ళు ఎవడికి పనికొస్తాయండీ!"

"అద్దాలున్నా ఫికర్ లేదు సార్. పైపొర ఒక్కటే తీస్తం, మొహం ఏం ఖరాబ్ కాదు" అన్నాడతను. "గానీ ఇంటోళ్ళు వద్దంటే మేం ముట్టం."

అమ్మ బావగారికి ఎదురు చెప్పలేక కొంగు నోట్లో కుక్కుకుంది. నేను అరిచాను. "చిన్నపిల్లవి, లోపలికి పో" అన్నాడు పెదనాన్న. నాకప్పుడు ఇరవై నాలుగేళ్ళు. కళ్ళు తీసుకోవడానికి ఆరు గంటలే గడువు. విజయవాడ నుంచి చుట్టాలు దిగేసరికి అది దాటిపోయింది.

నేను మర్చిపోలేదు. ప్రతి పెళ్ళిలో, ప్రతి తద్దినంలో ఆయన వింటుండగానే ఈ కథ చెప్పేదాన్ని. ఆయన విస్తరి ముందు నుంచి లేచిపోతే నాకు అన్నం ఇంకో ముద్ద ఎక్కువ దిగేది.

ఏడేళ్ళకు ఆయన కుడికంటి నల్లగుడ్డు మీద పుండు లేచి తెల్లపొర కమ్మింది. చనిపోయినవాళ్ళ కంటిపొర అతికిస్తేనే చూపన్నారు డాక్టర్లు. జూబ్లీహిల్స్‌లో నేను పనిచేసే ఎడిటింగ్ రూమ్‌కి పెదనాన్న కొడుకుని వెంటబెట్టుకుని వచ్చాడు.

"ఆ కళ్ళ బ్యాంకు వాళ్ళు నీకు తెలుసు కదమ్మా. ఒక్క మాట చెప్పు."

"అక్కడ సిఫార్సులు నడవవు పెదనాన్నా, వరుసలో ఉండాలి. మీలాంటి అన్నలు ఎంతమంది ఉంటే ఆ వరుస అంత పొడుగు."

ఆయన మొహం పాలిపోయింది. నాకు జాలి కలగలేదు. కాఫీ తెప్పించాను, నేను మాత్రమే తాగాను.

ఎనిమిది నెలలకు వంతు వచ్చింది. ఆపరేషన్ అయిన మూడో రోజు ఆసుపత్రికి వెళ్ళాను. చుట్టూ కొడుకులు, కోడళ్ళు.

"మీకు కన్నిచ్చినాయన వచ్చే జన్మలో గుడ్డివాడేనా పెదనాన్నా?"

పెద్దకొడుకు "వదిలెయ్యి చెల్లెమ్మా" అన్నాడు. వదల్లేదు. సంచిలోంచి నేత్రదాన పత్రం తీసి దుప్పటి మీద పెట్టాను. "రెండో కన్ను బాగానే ఉందిగా. సంతకం పెట్టండి."

పెట్టాడు. సాక్షులుగా ఇద్దరు కొడుకుల చేతా పెట్టించాను.

తర్వాత ఆయన నాతో మాట్లాడలేదు. ఇంకో నెలకు ఆయన కోడళ్ళలో ఒకామె మాత్రం ఫోన్ చేసి, తనకూ ఒక దానపత్రం కావాలంది. తీసుకెళ్ళి ఇచ్చాను. ఆ పూట పెదనాన్న వరండాలో పేపరు చదువుకుంటున్నాడు. నన్ను చూసి పేపరు మొహానికి అడ్డం పెట్టుకున్నాడు. నేను పలకరించలేదు.