కొలతకు దిగని బిళ్ళ

నాకు చదువు రాదు. సంతకం ఒక్కటి మా ఆయన నేర్పాడు. ఆయన పోయాక ఆ సంతకమే పెట్టి, ఆయన పని చేసిన ప్లాస్టిక్ మూతల కంపెనీలోనే చేరాను. పటాన్‌చెరు దగ్గర షెడ్డు. మూతల అంచులు కోయడం నా పని. కొలత చూసే గేజీలో దిగని మూత ఎర్ర డబ్బాలోకి పోవాల్సిందే.

ఇంద్రేశంలో మేముండే గది మా బావగారిది, అంటే మా ఆయన అన్నగారిది. ఎనిమిదో తరగతిలో నా బిడ్డకు లెక్కల్లో అక్షరాలు వచ్చి పడ్డాయి. దానికి భయం పట్టుకుంది. అది చూసి బావగారన్నాడు: "సూడమ్మా, వచ్చే లెక్కల పరీక్ష తప్పిందనుకో, ఇగ బడెందుకు? నీతోని షెడ్డుకు తీస్కపో. వయసెంతని ఎవడడుగుతడు?"

ఆ మాటతో నాకు అన్నం దిగలేదు. మా ఆయన్ను మింగింది ఆ షెడ్డులో మిషనే.

బడిలో సారు బిళ్ళలతో చూపిస్తాడట. చిన్న చదరం అంటే ఒకటి. పొడుగుది ఎక్స్, దాని విలువ తెలియదు. అవి ఇంటికివ్వరు. అందుకని పారేసిన అట్టపెట్టె తెచ్చి నేనే కోశాను. పొడుగు బిళ్ళ పక్కన ఐదు చిన్నవి పెడితే వెంట్రుకంత తేడా లేదు. మురిసిపోయాను కూడా.

రెండు ఎక్స్‌లు, మూడు చిన్నవి; వాటికి ఇంకో ఎక్స్, రెండు చిన్నవి కలపమన్నాడు సారు. బిడ్డ ఇరవై అని రాసింది. సారు తప్పని కొట్టేశాడు. ఎందుకు రాశావే అని అడిగాను.

"నీ పొడుగు బిళ్ళ అయిదే ఉన్నదమ్మా. మూడయిదులు పదిహేను, ఇంకో అయిదు. కొలిచిన."

పొడుగుది చిన్నవాటితో సరిపోకూడదట. సరిపోతే విలువ చెప్పేసినట్టేనట.

సోమవారం పరీక్ష. ఆదివారం మళ్ళీ కోయబోతే కత్తెర ఐదు దగ్గరికే పోతోంది. కొలత తప్పి కోయడం నా చేతికి రాదు. చివరికి కళ్ళు మూసుకుని ఒకటి కోశాను, దాని మీద పెట్టి మిగతా రెండూ. ఐదు చిన్నవి పెడితే పొడుగుది మిగిలింది, ఆరు పెడితే అవే దాటాయి.

"ఇప్పుడెంతనే?"

"తెల్వదమ్మా. మూడు ఎక్స్‌లు, అయిదు. ఆడ్నే ఆపాలె."

గడపలో నిలబడ్డ బావగారు నవ్వాడు. "తెల్వదని రాస్తె పాసయితదా?"

నాకూ అదే భయం. మర్నాడు షెడ్డులో గేజీలో దిగని మూత వచ్చినప్పుడల్లా ఎర్ర డబ్బా వైపు చెయ్యి పోలేదు. మేస్త్రీ రెండుసార్లు తిట్టాడు. సాయంత్రం గల్లీ మొదట్లోనే బిడ్డ ఎదురొచ్చి, ఆడ్నే ఆపిన అని చెప్పింది.

సారు పేపర్లు ఇంకా ఇవ్వలేదు. బావగారు రోజూ అడుగుతున్నాడు.