నాయనమ్మ కళ్లతో భద్రాద్రి

మా నాయనమ్మ రంగమ్మకు చూపు దాదాపుగా పోయినప్పటి సంగతి ఇది. సెల్‌ఫోన్లు అప్పుడప్పుడే మా పల్లెలకు వస్తున్న రోజులు. కల్లూరు దగ్గర మా ఊరికి చిన్నపిల్లగా కాపురానికొచ్చిన ఆమె, ఏటా ఊరివాళ్లతో కలిసి అడవి దారిన నడిచి భద్రాచలం వెళ్లేదట. వంతెన లేని కాలంలో గోదావరిని పడవ మీద దాటేదట. తాత పోయేనాటికి చంటిపిల్ల ఒడిలో ఉంది. నాట్లకూ కలుపులకూ పోయి పిల్లల్ని పెంచింది కానీ, ఆ ప్రయాణం మాత్రం మానలేదు. ఇక ఆపరేషన్ చేసినా లాభం లేదని కంటి డాక్టరు చెప్పిన రోజు ఆమె ఏడవలేదు. "ఒక్కసారి రాముల కాడికి తోల్కపో బిడ్డా" అంది నాతో.

నవమి రద్దీ తగ్గాక, ఒక వారం మధ్యలో బయల్దేరాం. బస్సులో ఏన్కూరు, జూలూరుపాడు మీదుగా కొత్తగూడెం చేరేసరికే ఎండ ముదిరింది. అక్కడి నుంచి బస్సులు చాలానే ఉన్నాయి, కానీ ఆమె కోసం జీపు మాట్లాడాను. పోనూ రానూ కిరాయి ఆరువందలు. డ్రైవర్ మల్లేశ్ ఆమెను ముందు సీట్లో కూర్చోబెట్టి, "అవ్వా, గట్టిగ పట్టుకో. దారి మంచిగ లేదు" అన్నాడు.

పాల్వంచ దాటాక రోడ్డుకు రెండువైపులా అడవి మొదలైంది. కొంతదూరం పోయాక నాయనమ్మ ఉన్నట్టుండి తల పైకెత్తి వాసన పీల్చింది. "ఆపు నాయినా! ఇప్పపూలు రాలుతున్నయ్."

మాకేమీ కనపడలేదు. మల్లేశ్ జీపు ఆపి దిగి చూస్తే, పొదల వెనకాల ఒక కోయ ఆవిడ ఇప్పచెట్టు కింద గంపలోకి పూలు ఏరుతోంది. నాయనమ్మ నా చెయ్యి పట్టుకుని ఆమె దాకా నడిచింది. "మేం నడిచిపోయేటప్పుడు మీ వాళ్లే సొరకాయ బుర్రతోటి నీళ్లు పోసేది తల్లీ. పేర్లు గూడ అడగలే" అంటూ ఆమె చేతులు తడిమింది. ఆవిడ నవ్వి, దోసెడు పూలు నాయనమ్మ కొంగులో పోసింది.

సారపాక దాటి వంతెన ఎక్కగానే గాలి మారింది. నేను చెప్పకముందే నాయనమ్మ రెండు చేతులూ జోడించింది. వేసవి గోదావరి ఇసుక మేటల మధ్య సన్నగా పారుతోంది.

గుడి మెట్ల మీద మల్లేశ్ ఒకవైపు, నేను ఒకవైపు పట్టుకున్నాం. వరుసలో నిలబడ్డంతసేపూ ఆమె పెదవులు కదులుతూనే ఉన్నాయి. చెవి దగ్గరపెట్టి విన్నాను. మంత్రం కాదు, పేర్లు. మా నాన్న, బాబాయిలు, అత్తలు, కోడళ్లు, మనవలు, పురిట్లోనే పోయిన ఇద్దరు బిడ్డలు. ఆ ఇద్దరికీ పేర్లున్నాయని ఆ రోజు దాకా మా ఇంట్లో ఎవరికీ తెలియదు.

"ఏం అడుగుతున్నావు నానమ్మా?"

"అడిగేదేముందే? అందర్నీ ఆయనకు అప్పజెప్తున్న."

గర్భగుడి ముందుకొచ్చాం. ఆమె నా భుజం గట్టిగా పట్టుకుంది. "నాకు మసకే. నువ్వు చూసి చెప్పు."

నేను కాస్త ముందుకు వంగి చూశాను. చెప్పడం మొదలుపెట్టాను. "దండలు బాగా వేశారు నానమ్మా. నాలుగు చేతులు. విల్లూ బాణం ఉన్నాయి."

"సీతమ్మ ఏడ కూసుంది?"

"ఆయన ఎడమ తొడ మీద. పక్కన లక్ష్మణస్వామి నిలబడ్డాడు."

"రాములోరి మొఖం ఎట్లున్నది?"

దీపం వెలుగులో ఆ నల్లటి ముఖాన్ని నేనూ అప్పుడే మొదటిసారి సరిగ్గా చూశాను. "ఇంటికొచ్చిన మనిషిని చూసినట్టు చూస్తున్నాడు నానమ్మా. నిన్నే."

నడవండి, నడవండి అంటున్న గుడి మనిషి చెయ్యి ఆగిపోయింది. వెనకనుంచి ఒక పెద్దాయన గొంతు వినిపించింది. "ఇంకొంచెం గట్టిగ చెప్పు బిడ్డా. నాకు గూడ అవుపడతలేదు." మళ్లీ మొదటి నుంచి చెప్పాను, ఈసారి పెద్దగా. వరుసలో ఎవరూ తొందరపెట్టలేదు. నాయనమ్మ చెంపల మీద నీళ్లు కారుతున్నాయి. ముఖం మాత్రం వెలిగిపోతోంది.

ఆ వానాకాలంలోనే ఆమె నిద్రలో పోయింది. నేను పెద్ద భక్తురాలిని కాదు, ఇప్పటికీ కాదు. కానీ ఆ మనిషి అన్నేళ్లు అడవిదారి నడిచింది తన కోసం ఏదో అడగడానికి కాదని, తన వాళ్లలో ఒక్కరిని కూడా మరవకుండా ఉండడానికని తెలిశాక, భక్తి అన్న మాట నాకు చిన్నదిగా కనిపించలేదు. అంత పెద్ద కుటుంబాన్ని ఒక్క గుండెలో మోసిన ఆమె పక్కన కాసేపు నిలబడగలిగాను. అది చాలు.

చూపు తగ్గిన పెద్దవాళ్లను తీసుకెళ్లేవారికి ఒక మాట. ముందురోజే భద్రాచలం చేరి, వాళ్లను గదిలో పడుకోబెట్టి, మీరొక్కరే వెళ్లి దర్శనం చేసుకుని రండి. తీరిగ్గా, బాగా చూడండి. మర్నాడు వాళ్లు అడుగుతారు.